తెల్ల ఏనుగు పతకం



1824 మే నెలలో ఈస్టిండియా కంపెనీ సేన రంగూన్‌లో దిగింది. అందులోని మద్రాసు సిపాయిలలో మన తెలుగువారూ ఉన్నారు. 1826లో యండబో సంధి జరిగి యుద్ధం ముగిసింది. సిపాయిలకు వెండి పతకాలిచ్చారు. ఒకవైపు బ్రిటిష్ సింహం ముందు మోకరిల్లిన ఆవా తెల్ల ఏనుగు; రెండోవైపు ష్వేడగోన్ పగోడాపై దాడి. ఆ యుద్ధంలో తూటాలకన్నా రోగాలకే ఎక్కువమంది బలయ్యారు. ఆ సంగతి పతకం చెప్పదు.

తరువాత కోరంగి, కాకినాడ రేవుల నుంచి వచ్చి ఇక్కడి బియ్యం మిల్లుల్లో బస్తాలు మోసిన మన తాతలకు ఏ పతకమూ రాలేదు.

మోకరిల్లిన ఆ ఏనుగు మనకు అన్నం పెట్టిన దేశం. అలాంటి పతకం ఎవరింట ఉన్నా, గెలుపుకు గుర్తుగా కాక, జీతం కోసం సముద్రం దాటిన మనిషికి గుర్తుగా దాచండి. పిల్లలకు రెండు వైపులూ చూపించి చెప్పండి.