బోర్డు ఆగిపోతే ముందుగా చూడవలసింది

(సర్జాపురలో మన ట్రస్టు నిర్వహించిన ఉపకార వేతనాల ప్రదాన సభలో, ఎలక్ట్రానిక్స్ రంగంలో పనిచేస్తున్న ఒక ఇంజనీరు చేసిన ప్రసంగ పాఠం)

 

ఇలాంటి సభల్లో మాట్లాడేవారు కష్టపడి చదవండి, కన్నవారికి మంచి పేరు తెండి అని చెబుతారు. ఆ మాట మీరు ఇంట్లో రోజూ వింటున్నదే. నేను చాలా ఏళ్ళుగా సర్క్యూటు బోర్డులతో పనిచేస్తున్నవాణ్ణి. నడుస్తున్న బోర్డు హఠాత్తుగా ఆగిపోతే ఏం చెయ్యాలన్నది నాకు కొంత తెలుసు. అదే చెబుతాను. ఇంజనీరింగు చదవనివారు కూడా కొంచెం ఓపిక పట్టండి. మీకు పనికివచ్చే మాట కూడా ఇందులో ఉంది.

కిందటి ఏడు ఈ ట్రస్టు సాయంతో చదువుతున్న ఒక అబ్బాయి నాకు ఫోన్ చేశాడు. ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు. "సార్, మా ఎఫ్‌పీజీఏ బోర్డు పాడైపోయింది. వైవా ఇంకా పన్నెండు రోజులే ఉంది. కొత్తది కొందామంటే నాన్న మొదటి బోర్డుకే వడ్డీకి తెచ్చారు. రెడీమేడ్ ప్రాజెక్టు కొనేస్తే చవకగా అయిపోతుందని ఫ్రెండ్స్ అంటున్నారు" అన్నాడు. ఆ గొంతులో భయం కంటే సిగ్గు ఎక్కువగా వినిపించింది. నాన్న డబ్బు తన చేతిలో తగలబడిందని వాడి బాధ.

ఎఫ్‌పీజీఏ అంటే ఏమిటో తల్లిదండ్రుల కోసం చెబుతాను. మన సర్జాపుర చుట్టూ లేఅవుట్లు వేస్తున్నారు కదా. రోడ్లు వేసి, సైట్లు గుర్తు పెట్టి ఉంచుతారు. ఏ సైటులో ఏం కట్టాలన్నది కొన్నవారి ఇష్టం. ఈ చిప్పు కూడా అలాంటి ఖాళీ లేఅవుటే. విద్యార్థి గీసిన ప్లాను ప్రకారం అందులో ఏ సర్క్యూటునైనా కట్టుకోవచ్చు, పూర్తి ప్రాసెసరునే కట్టుకోవచ్చు. తేడా ఒక్కటే. ఈ రకం చిప్పుల్లో ఎక్కువ వాటికి కరెంటు పోతే కట్టినదంతా మాయమై ఖాళీ సైట్లే మిగులుతాయి. కరెంటు వచ్చాక ప్లాను చూసి మళ్ళీ కట్టాలి. ఈ సంగతి గుర్తుంచుకోండి.

1985లో జైలింక్స్ కంపెనీ ఇలాంటి చిప్పును మొదట మార్కెట్లోకి తెచ్చింది. ఆ కంపెనీ 2022లో ఏఎండీ చేతికి వెళ్ళింది. మన ఐఐటీ మద్రాసు వారి శక్తి ప్రాసెసరును, సి-డాక్ వారి వేగా ప్రాసెసరును కూడా విద్యార్థులు ఇలాంటి బోర్డుల మీద నడిపి చూడవచ్చు.

మన అబ్బాయి ప్రాజెక్టు నీళ్ళ ట్యాంకు గురించి. ట్యాంకులో మట్టం తగ్గితే ప్రాసెసరు ఒక చిన్న మోటారును నడపాలి, నిండితే ఆపాలి. ఇంట్లో రాత్రంతా నడిచిన బోర్డు కాలేజీలో పది నిమిషాలకే ఆగిపోయేది. మూడు వారాలుగా వాడు ప్రోగ్రాము తిరగరాస్తూనే ఉన్నాడు. నేను ఒక్క ప్రశ్న వేశాను. "ఆగిపోయినప్పుడు బోర్డు మీద ఏ లైట్లు వెలుగుతున్నాయి?" వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "చూడలేదు సార్" అన్నాడు.

విద్యార్థులారా, మొదటి పాఠం ఇదే. ఆగిపోయిన బోర్డును వెంటనే రీసెట్ చెయ్యకండి. రీసెట్ నొక్కగానే సాక్ష్యం పోతుంది. ముందు మూడు లైట్లు చూడండి.

మొదటిది బోర్డు మీద ఉండే డన్ లైటు. చిప్పులో డిజైన్ నిలిచి ఉన్నంతసేపూ అది వెలుగుతుంది. అది ఆరిపోతే కట్టిన ఇల్లే కూలిందన్నమాట. అప్పుడు ప్రోగ్రాములో వెతకడం వృథా. ముందు కరెంటును అనుమానించండి.

రెండో లైటు మీరే పెట్టుకోవాలి. ప్రాసెసరుతో సంబంధం లేకుండా, క్లాకును లెక్కపెట్టే చిన్న కౌంటరుతో సెకనుకు ఒకసారి మిణుకుమనే ఎల్ఈడీ. డన్ వెలుగుతూ ఉండి ఇది ఆగితే క్లాకునో, రీసెట్ తీగనో, కరెంటునో చూడాలి.

మూడోది ప్రోగ్రాము మిణుకుమనిపించే ఎల్ఈడీ. మొదటి రెండూ బాగుండి ఇది ఒక్కటే ఆగితే ప్రాసెసరు ఎక్కడో చిక్కుకుంది. జవాబివ్వని పరికరాన్ని చదవబోయి బస్సు మీద ఎదురుచూస్తూ ఉండవచ్చు. వచ్చిన ఇంటరప్టును చెరపకపోవడం వల్ల అందులోనే తిరుగుతూ ఉండవచ్చు. స్టాకు నిండి పక్క జ్ఞాపకం మీద రాసేసి ఉండవచ్చు. టైమింగు సరిపోకపోయి ఉండవచ్చు.

ఆ సాయంత్రమే వాడు రెండు ఎల్ఈడీలు పెట్టి, పదిసార్లు ఆగేదాకా నడిపి, ప్రతిసారీ చూసినది నోటుబుక్కులో రాశాడు. ఏడుసార్లు డన్ లైటు ఆరింది. ఆ ఏడుసార్లూ మోటారు లేచిన క్షణంలోనే ఆరింది. మూడుసార్లు మాత్రం మూడో లైటు ఒక్కటే ఆగింది. ఇంట్లో ఎందుకు ఆగలేదో కూడా అప్పుడే తెలిసింది. ఇంట్లో వాడు మోటారు తగిలించనే లేదు.

బోరు మోటారు ఉన్న ఇంటివారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. మోటారు ఆన్ చెయ్యగానే ఇంట్లో బల్బు ఒక్కసారి మసకబారుతుంది. మోటారు తిరిగేటప్పటికంటే లేచేటప్పుడు ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. మన అబ్బాయి మోటారు బోర్డు మీది 5 వోల్టుల పిన్ను నుంచి నడుస్తోంది. ఆ బోర్డుకు కంప్యూటరు యూఎస్‌బీ కేబులే ఆధారం. మామూలు యూఎస్‌బీ 2.0 పోర్టు ఇవ్వవలసింది 500 మిల్లీ ఆంపియర్లు మాత్రమే.

కేబులు సంగతి కూడా లెక్క కడదాం. దాని మీద సన్నని అక్షరాలతో 28 అనో 24 అనో తీగ నంబరు ఉంటుంది. నంబరు పెరిగితే తీగ సన్నబడుతుంది. మీటరు పొడవు 28 నంబరు తీగలో రానుపోను సుమారు 0.43 ఓముల నిరోధం ఉంటుంది. అర ఆంపియరు పారితే 0.2 వోల్టు దారిలోనే పోతుంది. మోటారు లేచేటప్పుడు 2 ఆంపియర్లు లాగితే 0.85 వోల్టు పోతుంది. అదే 24 నంబరు తీగలో 0.34 వోల్టే పోతుంది. చూడటానికి రెండు కేబుళ్ళూ ఒకలాగే ఉంటాయి.

చిప్పు లోపల ఇంకా సున్నితం. ఆర్టిక్స్-7 రకం చిప్పుల్లో మామూలు రకానికి ముఖ్యమైన సరఫరా 1 వోల్టు. అది 0.95కు తగ్గకూడదు, 1.05కు మించకూడదు. అంటే రూపాయికి ఐదు పైసలు అటూ ఇటూ. అదే చిప్పుకు 1.8, 3.3 వోల్టుల సరఫరాలు కూడా కావాలి. వచ్చిన 5 వోల్టులను రెగ్యులేటర్లు ఇలా పంచుతాయి. వాటికి వచ్చేదే బాగా పడిపోతే అవి మాత్రం ఏం చేస్తాయి?

"మల్టీమీటరుతో చూశాను సార్, 5 వోల్టులు సరిగ్గానే ఉంది" అన్నాడు వాడు. నిజమే చెప్పాడు. మల్టీమీటరు సెకనుకు కొన్నిసార్లే అంకె మారుస్తుంది. పడి లేచే మిల్లీ సెకన్లు దానికి కనబడవు. కాలేజీ ల్యాబులో ఓసిలోస్కోపు అడిగి, 4.5 వోల్టుల కిందికి దిగగానే బొమ్మ పట్టుకునేలా ట్రిగ్గరు పెట్టమన్నాను. మోటారు లేవగానే 4 వోల్టుల కిందికి జారిన గీత తెర మీద నిలిచింది. స్కోపు దొరకనివారు మోటారు తీసేసి, దాని స్థానంలో ఒక ఎల్ఈడీ పెట్టి చూడండి. ఆగడం మానేస్తే దొంగ ఎవరో తెలిసినట్టే. ఆర్టిక్స్-7 చిప్పుల్లో లోపలి వోల్టేజీలను, వేడిని కొలిచే ఎక్స్‌ఏడీసీ అనే భాగం కూడా ఉంది. అది నమోదైన కనిష్ఠ విలువను గుర్తుపెట్టుకుంటుంది.

మందు చాలా చిన్నది. మోటారుకు వేరే అడాప్టరు పెట్టి, రెండింటి గ్రౌండు కలిపాడు. రిలే కాయిల్‌కు అడ్డంగా ఒక డయోడు, బోర్డుకు పొట్టి, లావు కేబులు. అన్నీ ఎస్.పి. రోడ్డులో ఒక్క పూటలో దొరికాయి. కొత్త బోర్డు ఖరీదులో అది ఏ మూలకూ రాదు.

కాని కథ అక్కడ అయిపోలేదు. ఆ మూడుసార్ల సంగతి మిగిలి ఉంది. మోటారు సమస్య తీరాక కూడా బోర్డు గంటకో రెండు గంటలకో ఆగింది. ఈసారి వాడు కంగారు పడలేదు. టూలు ఇచ్చిన టైమింగు రిపోర్టు తీసి చదివాడు. స్లాకు మైనస్‌లో ఉంది. అంటే క్లాకు తర్వాతి దెబ్బ వేసేలోగా లెక్క పూర్తి కావడం లేదు. టూలు హెచ్చరిస్తుంది కాని ఫైలు మాత్రం తయారుచేసి ఇస్తుంది. ఫైలు వచ్చింది కదా అని మనం హెచ్చరికను వదిలేస్తాం. క్లాకును 100 మెగాహెర్ట్జ్ నుంచి 50కి తగ్గించాడు. రెండు రోజులు ఆగకుండా నడిచింది. ఒక తప్పు దొరికిందని వెతకడం మానకూడదు. రెండు తప్పులు ఒకే ముసుగు వేసుకుని రావచ్చు.

ఇక్కడ నా తప్పు కూడా చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను చేసిన ఒక బోర్డు నాలుగు రోజులకోసారి ఆగిపోయేది. కారణం దొరకలేదు. వాచ్‌డాగు టైమరు పెట్టాను. ఆగితే అదే రీసెట్ చేస్తుంది. అందరూ సంతోషించారు, నేనూ సంతోషించాను. ఆరు నెలలకు బోర్డులు తిరిగొచ్చాయి. రీసెట్ అయినప్పుడల్లా వాటిలో రాసిన లెక్కలు పోతున్నాయి. రెగ్యులేటరు పక్కనే ఉండవలసిన కెపాసిటరును నేను దూరంగా పెట్టాను. నా తప్పును వాచ్‌డాగు కప్పిపెట్టింది, దిద్దలేదు.

1997 జులైలో అంగారకుడి మీద దిగిన నాసా పాత్‌ఫైండరు కూడా ఇలాగే మళ్ళీ మళ్ళీ రీసెట్ అయింది. రీసెట్ అయి నడుస్తోంది కదా అని ఇంజనీర్లు ఊరుకోలేదు. అలాంటి వ్యవస్థనే భూమి మీద నడిపి, అదే తప్పును మళ్ళీ రప్పించారు. ముఖ్యమైన పనికి కావలసినదాన్ని తక్కువ ప్రాధాన్యం గల పని పట్టుకుని కూర్చుంటోందని కనిపెట్టి, ఇక్కడి నుంచే సవరణ పంపారు.

కాబట్టి విద్యార్థులారా, చూడండి, రాయండి, కొలవండి, ఆ తర్వాతే మార్చండి. ఒకసారికి ఒక్కటే మార్చండి. కరెంటు ఉండగా తీగలు తియ్యకండి, పెట్టకండి.

తల్లిదండ్రులకు ఒక మనవి. ప్రాజెక్టు నడవలేదని పిల్లవాడు చెబితే "ఎంత ఖర్చయిందో తెలుసా" అని మొదలుపెట్టకండి. ఆ మాటకు భయపడే పిల్లలు రెడీమేడ్ ప్రాజెక్టు కొంటారు. "ఈ రోజు ఏం కొలిచావు?" అని అడగండి. జవాబు మీకు అర్థం కాకపోయినా ఫరవాలేదు.

ట్రస్టు పెద్దలకు ఇంకొక మనవి. ఒక చిన్న ఓసిలోస్కోపు, రెండు మంచి పవర్ సప్లైలు కొని పిల్లలందరూ వాడుకునేలా ఉంచితే బాగుంటుంది. నేర్పడానికి నెలకు ఒక ఆదివారం నేను వస్తాను.

ఆ అబ్బాయి వైవాలో తన ప్రాజెక్టుతో పాటు ఆ జారిన గీత ఫోటో, పదిసార్లు ఆగిన పట్టిక కూడా చూపించాడు. పరీక్షకు వచ్చినవారు ఎక్కువ ప్రశ్నలు దాని మీదే వేశారట. బోర్డు మాత్రం మొదటిదే. వాళ్ళ నాన్నగారు అప్పు తెచ్చి కొన్నదే. దానికి ఏమీ కాలేదు.