ట్రాలీని వెనుకకు నడుపు విద్య



పూర్వము మన వాకిళ్ళలో ఎడ్లబండి నిలిచి యుండెడిది. నేడు సంగారెడ్డి, పటాన్‌చెరు, సదాశివపేట ప్రాంతములందలి పెక్కు గ్రామములలో ఆ చోటును ట్రాక్టరును, దాని వెనుక తగిలించు ట్రాలీయు ఆక్రమించినవి. ట్రాక్టర్లు తయారగు కర్మాగారము మన జహీరాబాదులోనే కలదు. పత్తి, చెఱకు, ఇటుక, ఇసుక సమస్తమును ట్రాలీలమీదనే కదలుచున్నవి. బండి మాఱినది గాని వీధి మాఱలేదు. ఎడ్లబండికి సరిపడునట్లు విడిచిన సందులలోనికే ఈ యినుప బండ్లు దూరవలసి వచ్చినది. ముందునకు పోవుట సులభము. వెనుకకు వచ్చునపుడే అరుగులు పగులుటయు, గోడలు కూలుటయు, ఒక్కొక్కప్పుడు ప్రాణములే పోవుటయు సంభవించుచున్నది. కావున ఆ పని చేయవలసిన తీరును, అందు పెద్దల బాధ్యతను నేడు మనవి చేసెదను.

ట్రాక్టరుకును ట్రాలీకిని నడుమ నున్న కీలు ఒక్క పిన్ను మాత్రమే. ముందునకు పోవునపుడు ట్రాలీ ఆవు వెంట దూడవలె వచ్చును. వెనుకకు నెట్టినపుడు మాత్రము మాట వినదు. ఎడ్లను విప్పి, నొగ పట్టుకొని, బండిని కొట్టములోనికి నెట్టిన అనుభవము మీలో పెక్కుమందికి కలదు. బండి వెనుకభాగము కుడికి పోవలెనన్న నొగను ఎడమకు త్రిప్పెడివారు గదా! ఇచ్చటను అదియే సూత్రము. ట్రాలీ కుడికి పోవలెనన్న స్టీరింగును మొదట ఎడమకు త్రిప్పవలెను. ట్రాలీ మఱలుట ఆరంభింపగనే స్టీరింగును మెల్లగా కుడికి మఱల్చి, ట్రాక్టరును ట్రాలీ జాడలోనికి తేవలెను. క్రొత్తగా నేర్చువారికొక ఉపాయము కలదు. స్టీరింగు అడుగుభాగమున చేయి వేసి, ట్రాలీ యే ప్రక్కకు పోవలెనో ఆ ప్రక్కకే చేతిని జరిపినచో తడబాటుండదు.

పొట్టి ట్రాలీ పొడుగు ట్రాలీకంటె త్వరగా అడ్డము తిరుగును. అది మిక్కిలి ముడుచుకొన్నచో ముందరి యినుప నొగ ట్రాక్టరు పెద్దచక్రమునకు తాకి, టైరును చీల్చును. అట్టి సమయమున పంతముతో వెనుకకు నెట్టరాదు. ముందునకు కొంత దూరము పోయి, రెంటిని తిన్నగా నిలిపి, మఱల ప్రయత్నింపవలెను. ఇక ముందరి ఇరుసు తిరుగునట్టి నాలుగు చక్రముల ట్రాలీకి కీళ్ళు రెండు. దానిని సందులోనికి వెనుకకు నడుపుట నిపుణులకును కష్టమే. వీధి మొదటనే నిలిపి సరకు దింపుకొనుట మేలు.

బరువు సర్దుటయు ఈ విద్యలో భాగమే. అమెరికాలో కొందఱు చిన్న యిల్లువంటి బండిని కారు వెనుక తగిలించుకొని దేశసంచారము చేయుదురు. దాని భారమునకు కారు వెనుక క్రుంగి, ముందు చక్రములు తేలిపోవును. అందులకై కొక్కెమునకు ఇరుప్రక్కల ఉక్కు కడ్డీలు బిగించి, ఆ భారమును ముందు చక్రములకును బండి చక్రములకును పంచెదరు. మన ట్రాలీలకు అట్టి కడ్డీలు లేవు. కావున బరువును పంచుట మన చేతిపనియే. రెండు చక్రముల ట్రాలీలో బరువు ఇరుసునకు కొంచెము ముందుగా నుండవలెను. అంతా ముందే యున్నచో ట్రాక్టరు చిన్నచక్రములు నేలను విడుచును, స్టీరింగు పనిచేయదు. అంతా వెనుకనే యున్నచో నొగ పైకి లేచును. పెద్దచక్రములకు పట్టు తప్పును. సరకు దింపునపుడు ముందరి బస్తాలనే మొదట తీసి, పిన్ను విప్పినచో, నొగ ఒక్కపెట్టున లేచి మనుష్యుని కొట్టును. పిన్ను విప్పకముందే ట్రాలీ చక్రముల క్రింద రాళ్ళు పెట్టవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది దారి చూపు మనుష్యుడు. పటాన్‌చెరు పారిశ్రామికవాడలో పొడుగు లారీలు గిడ్డంగి ద్వారమునకు వెనుకకు చేరునపుడు ఒకడు క్రిందికి దిగి సైగచేయుట మీరు చూచియే యుందురు. పత్తి నింపిన ట్రాలీ వెనుక నేమున్నదో నడుపువానికి కనబడదు. కావున దారి చూపువాడు ఒక్కడే యుండవలెను. నలుగురు నాలుగు విధముల కేకలు వేయరాదు. అతడు నడుపువానికి కనబడునట్లు ఒక ప్రక్కన నిలువవలెను. ట్రాలీకిని గోడకును నడుమ ఎన్నడును నిలువరాదు. అతడు కనుమఱుగైన మఱుక్షణమే ట్రాక్టరు ఆగవలెను. పిన్ను తగిలించునపుడును ట్రాక్టరు పూర్తిగా నిలిచిన పిదపనే మనుష్యుడు నడుమకు పోవలెను.

అయ్యలారా, ట్రాక్టరు నడుపువారు తఱచుగా యువకులు. వారికి పనితొందర యెక్కువ. యజమాని "త్వరగా రమ్ము" అనును. పిల్లలు వేడుకకై ట్రాలీ వెనుక పరుగెత్తుదురు. నొగమీద నెక్కి కూర్చుందురు. ఇచ్చట మీ మాటకు విలువ కలదు. ఊరిలో మూడు కట్టుబాట్లు చేయుడు. దారి చూపువాడు లేక ట్రాలీ వెనుకకు కదలరాదు. అది కదలునపుడు పిల్లలను అరుగుమీదికి పిలిచి కూర్చుండబెట్టవలెను. ఊరి చివర ట్రాలీలు చుట్టు తిరుగుటకు కొంత చోటు ఖాళీగా విడువవలెను. అది యున్నచో సందులలో వెనుకకు నడుపు అవసరమే చాలవఱకు తప్పును. వీనికి రూకలతో పనిలేదు. కూలిన గోడను మఱల కట్టుకొనవచ్చును. పోయిన బిడ్డను తెచ్చుకొనలేము గదా.

సెలవు.