కోనీ ఐలండు: వృద్ధి క్షయములు
(గ్రంథాలయ రజతోత్సవ సభలోని ప్రసంగపాఠము)



కలిమి నిలుకడ లేనిదని పెద్దలందురు. ఆ కలిమి పోయిన పిదప మిగులునదేమో తెలిసికొనుటకు న్యూయార్కు నగరపు దక్షిణపుటంచున, అట్లాంటిక్ సముద్రతీరమున నున్న కోనీ ఐలండు చరిత్ర తగిన దృష్టాంతము.

రైళ్లు వచ్చిన పిదప 19వ శతాబ్దాంతమున ఆ యిసుక తిన్నెలపై హోటళ్లు వెలసెను. 1897లో జార్జి టిల్యూ ‘స్టీపుల్‌చేజ్’ అను వినోదవనమును స్థాపించెను. 1903లో ‘లూనా పార్కు’, 1904లో ‘డ్రీమ్‌లాండు’ తలయెత్తినవి. విద్యుద్దీపము అపురూపమైన ఆ దినములలో లూనా పార్కున రెండున్నర లక్షల దీపములు వెలిగెను. 1907లో స్టీపుల్‌చేజ్ దగ్ధము కాగా, టిల్యూ ఆ శిథిలములను చూడవచ్చినవారికే 10 సెంట్ల రుసుము విధించెను! పిదప ఇనుముతోను గాజుతోను విశాలమైన మందిరమును కట్టించెను.

ఆ సందడి నడుమ ఒక పుణ్యకార్యమును జరిగెను. నెలలు నిండక పుట్టిన శిశువులకు ఆసుపత్రులలో సాధనములు కొఱవడిన కాలమున, మార్టిన్ కూనీ వారిని వెచ్చని గాజుపెట్టెలలో నుంచి, చూపరులిచ్చు 25 సెంట్లతో పోషించెను. తల్లిదండ్రులనుండి కాసైనను గ్రహింపలేదు. 1911 మే 27 తెల్లవారకముందే డ్రీమ్‌లాండులో ‘నరకద్వారము’ అను వినోదశాలయందు నిప్పు పుట్టి, ఆ వనమంతయు భస్మమయ్యెను. శిశువులు మాత్రము సురక్షితముగా బయటపడిరి. డ్రీమ్‌లాండు మరల లేవలేదు.

1920లో నగరపు రైలు 5 సెంట్ల ఛార్జీతో అచ్చటికి చేరెను. నాటినుండి కూలినాలి జనము సైతము తండోపతండములుగ వచ్చిరి. అంతకుముందు తీరమున చాలభాగము సొంతదారుల కంచెలలో నుండెను. నగరపాలకులు దానిని ప్రజాపరము చేసి, 1923లో సముద్రము వెంబడి కొయ్యపలకల బాటను తెరచిరి.

పిదప క్షీణదశ. ఆర్థికమాంద్యము జనుల చేతి డబ్బును హరించెను. 1944లో అగ్నిప్రమాదముతో లూనా పార్కు మూతపడెను. యుద్ధానంతరము సొంత కార్లు కలవారు దూరపు తీరములకు పోయిరి. టెలివిజను మిగిలినవారిని ఇంటనే కూర్చుండబెట్టెను. 1964లో స్టీపుల్‌చేజ్ మూసివేయబడెను. దానిని కొనిన ఫ్రెడ్ ట్రంప్ నివాసభవనములు కట్టదలచి, 1966లో గాజుమందిరమును కూల్పించెను. ఆ నిర్మాణమునకు అనుమతి లభింపలేదు. నేల బహుకాలము బీడుగా పడియుండెను.

1927నాటి ‘సైక్లోన్’ అను కొయ్యకట్టడపు ఉరుకుబండిని గూడ 1970 ప్రాంతమున కూల్పబూనిరి. జనులు అడ్డుపడి దానిని నిలిపిరి. 1988లో అది రక్షిత కట్టడముగా ప్రకటింపబడెను. 2010లో పాతపేరుతోనే క్రొత్త లూనా పార్కు తెరువబడెను.

సభాసదులారా! జమాఖర్చులు సరిచూడుడు. దీపములు, గోపురములు ఖర్చు వ్రాయబడినవి. ఇసుకతీరము, కొయ్యబాట, సైక్లోను నిల్వయందున్నవి. ‘ఇది మాది’ యని జనులు చేయిపట్టి నిలిపినదియే నిలిచినది. ఇరువదియైదేండ్లు నిండిన ఈ గ్రంథాలయమునకును అదియే రక్ష. స్వస్తి.