కోర్టు ముంగిట రెయిన్‌డీర్ తలలు



ఊరి పిల్లలకు బొమ్మలు నేర్పిన మాస్టారి పేరిట జరిగే ఈ ఉపన్యాసానికి ఆరుబయటి కళను ఎంచుకున్నాను. అందులోనూ, తాము పుట్టి పెరిగిన నేల కళ్ళెదుటే మారిపోతుంటే ఆదివాసులు చేసిన కళను. అలాంటి పనులు ప్రపంచంలో చాలా ఉన్నాయి. అన్నిటినీ తడమను. ముఖ్యంగా ఒక్కదాని గురించే చెబుతాను.

2016 ఫిబ్రవరి. నార్వే ఉత్తరపు కొసన, ఫిన్‌మార్క్ ప్రాంతంలో టానా అనే చిన్న ఊరు. అక్కడి కోర్టు ముందు మంచులో రెండు వందల రెయిన్‌డీర్ తలలు కుప్పపోసి ఉన్నాయి. అప్పుడే కోసిన తలలు. కుప్ప మీద నార్వే జెండా. దాన్ని పేర్చింది మారెట్ ఆన్నె సారా. సామి తెగ కళాకారిణి, రచయిత్రి. తరతరాలుగా రెయిన్‌డీర్లను మేపుకొని బతికే కుటుంబం వాళ్ళది. కోర్టు లోపల ఆమె తమ్ముడు యోవ్‌సెట్ ఆంటె సారా ప్రభుత్వం మీద వేసిన దావా నడుస్తోంది.

ఆ తమ్ముడి మందలో 116 రెయిన్‌డీర్లున్నాయి. 75కి తగ్గించమని ప్రభుత్వం ఆదేశించింది. మందలు పెరిగిపోయి ఫిన్‌మార్క్ పీఠభూమి మీద మేత నశిస్తోంది, ప్రకృతి నిలవాలంటే జంతువులను తగ్గించక తప్పదు అని సర్కారు వాదన. 75తో ఇల్లు గడవదు, వృత్తి మానుకొమ్మన్నట్టే అని అతని వాదన. పెద్ద మందకు కోత పడితే లాభం తగ్గుతుంది. అప్పుడప్పుడే వృత్తిలో నిలదొక్కుకుంటున్న కుర్రవాడికి అదే కోత పడితే బతుకే పోతుంది.

పర్యావరణ కళ అనగానే మనకు ఎండిన చెట్టు, పగిలిన నేల, కన్నీరు కార్చే భూగోళం గుర్తొస్తాయి. ఆ బొమ్మల్లో నేరస్తుడు కనిపించడు. టానాలో జరిగింది వేరు. అక్కడ పర్యావరణం అనే మాట ప్రభుత్వం చేతిలో ఉంది. నేలను పాడుచేస్తున్నది నువ్వే అని వేలెత్తి చూపడానికి వాడిన మాట అది. ఇది మనకు కొత్త కాదు. అడవిని నాశనం చేస్తున్నది పోడు కొట్టేవాడే అని మన మన్యంలో ఎంతకాలంగా వింటున్నాం! అదే అడవిలో గనికో ఆనకట్టకో అనుమతి వచ్చిన రోజున ఆ నోళ్ళు మూతపడతాయి.

ఇంతకీ ఆ ఉత్తర దేశంలో నేల నిజంగానే మారుతోంది. ఆర్కిటిక్ ప్రాంతం భూమి సగటు కన్నా మూడు రెట్లకు పైగా వేగంగా వేడెక్కుతోంది. చలికాలంలో రెయిన్‌డీర్ మంచు కింద లైకెన్‌ను వాసనతో పసిగట్టి, గిట్టలతో తవ్వుకొని తింటుంది. ఇప్పుడు నడి చలికాలంలో వాన కురుస్తోంది. ఆ నీరు గడ్డకట్టి నేల మీద గట్టి పొరగా పరుచుకుంటుంది. గాదెకు తాళం వేసినట్టు, మేత ఉండీ నోటికి అందదు. అప్పుడు కాపరులు దాణా కొని మోయాలి, లేదా మంద ఆకలితో చావడం చూడాలి. ఈ వేడికి కారణమైన చమురునూ సహజవాయువునూ అమ్మి సంపన్నమైన దేశాల్లో నార్వే ఒకటి. కోత మాత్రం కాపరి మందకు!

టానాలో పేర్చిన ఆ తలల కుప్పకు సారా పెట్టిన పేరు ‘పైల్ ఓ సాప్మి’. సాప్మి అంటే సామి ప్రజల నేల. ఆ పేరు వెనుక కెనడాలోని రెజైనా నగరపు పాత పేరు ‘పైల్ ఓ బోన్స్’ ఉంది. అక్కడ 19వ శతాబ్దంలో అడవిదున్నల ఎముకలు గుట్టలుగా పడి ఉండేవి. దున్నలు పోవడంతో వాటిమీద బతికిన తెగలు ఆకలికి లొంగిపోయాయి. ఆ గుట్టను గుర్తుచేసి, సారా తన తమ్ముడి కేసుకు తోబుట్టువు లాంటి చరిత్రను ఖండాల అవతలి నుంచి తెచ్చి పక్కన నిలబెట్టింది.

తమ్ముడు కింది కోర్టులో గెలిచాడు. అప్పీలు కోర్టులోనూ గెలిచాడు. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2017 డిసెంబరులో ఓస్లోలో పార్లమెంటు భవనం ఎదుట సారా నాలుగు వందల రెయిన్‌డీర్ పుర్రెలను తీగలతో కూర్చి తెరలా వేలాడదీసింది. పుర్రెల నొసట తూటా చిల్లులు. ఆ చోటును ఊరికే ఎంచుకోలేదు. 1979లో ఆల్టా నది మీద ఆనకట్ట వద్దని సామి యువకులు ఆ పార్లమెంటు ముందే గుడారం వేసి నిరాహారదీక్ష చేశారు. ఆనకట్ట ఆగలేదు, కానీ ఆ పోరాటం తరువాతే 1989లో సామి పార్లమెంటు ఏర్పడింది.

డిసెంబరు 21న తీర్పు వచ్చింది. తమ్ముడు ఓడిపోయాడు.

ఆదివాసుల ఆరుబయటి కళ ఎప్పుడూ ప్రభుత్వం వైపే తిరిగి ఉండదు. కెనడాలో అనిషినాబె కళాకారిణి రెబెకా బెల్మోర్ 1991లో పెద్ద కొయ్య మెగాఫోన్ చేసింది. ఓకా దగ్గర మోహాక్ ప్రజల నేలలోకి గోల్ఫ్ మైదానాన్ని పెంచబోగా జరిగిన ఘర్షణకు అది ఆమె జవాబు. దాన్ని తెగల ఊళ్ళకు తీసుకెళ్ళి, నాయకులతో కాదు, నేలతోనే మాట్లాడమని జనాన్ని అడిగింది.

సారా పుర్రెల తెరను నార్వే జాతీయ మ్యూజియం కొన్నది. 2022లో కొత్త భవనం తెరిచినప్పుడు దాన్ని ప్రవేశశాలలో వేలాడదీశారు. కేసు గెలిచిన రాజ్యమే ఆ కళను గౌరవంగా ఇంట్లో పెట్టుకుంది. ఎక్కువమంది చూస్తారు, అది మంచిదే. కానీ పార్లమెంటు ముందు అది జవాబు అడిగింది. మ్యూజియంలో ఎవరూ జవాబు చెప్పనక్కరలేదు. నాకు ఈ తేడా చిన్నదిగా అనిపించదు.

వివాదం అక్కడితో ముగియలేదు. నార్వేలోనే ఫోసెన్ ద్వీపకల్పంలో సామి కాపరుల మేత భూముల మీద 151 గాలిమరలు పెట్టారు. వాటికిచ్చిన అనుమతులు సామి ప్రజల హక్కులకు భంగమని 2021 అక్టోబరులో అదే సుప్రీంకోర్టు చెప్పింది. అయినా మరలు ఆగలేదు. 2023 ఫిబ్రవరిలో సామి యువతీయువకులు ఓస్లోలో మంత్రిత్వశాఖలో బైఠాయించారు. ఈసారి వాళ్ళ నేలను అడిగింది చమురు కాదు, పచ్చని కరెంటు.

ఇక మన దగ్గరికి వస్తే, నగరాల గోడల మీద, ఫ్లైఓవర్ స్తంభాల మీద థింసా నృత్యం ఆడే మన్యం స్త్రీలను రంగుల్లో చూస్తుంటాం. ఆ బొమ్మలు అందంగానే ఉంటాయి. వాటిని ఏ గోడ మీద వేయాలో, ఏం వేయాలో మన్యం వాళ్ళను అడిగిన సందర్భం నాకు తెలియదు. అధికారులతో, సంఘాలతో నేను అడిగేది ఒకటే. ఈసారి ఒక సవర, ఒక కోయ, ఒక కొండరెడ్డి కళాకారుణ్ణి పిలవండి. గోడను వాళ్ళనే ఎంచుకోనివ్వండి. అది ప్రాజెక్టు కార్యాలయం గోడ అయినా సరే, కలెక్టరేటు గోడ అయినా సరే. నమూనా ముందుగా చూపించమని మాత్రం అడగకండి.