చక్కెర అంటిన ప్రోటీన్లు



మనలో చాలామంది జేబుల్లో ఇప్పుడు షుగరు బిళ్లలున్నాయి. అందుకే ఈ నాలుగు మాటలు.

బ్రెడ్డు పెనం మీద కాలిస్తే ఎర్రబడుతుంది. అందులోని చక్కెరలు, ప్రోటీన్లు వేడికి కలవడం వల్ల వచ్చే రంగు అది. 1912లో ఫ్రాన్సు శాస్త్రవేత్త మయార్ ఈ చర్యను వివరించారు. మనకు కెమిస్ట్రీ చెప్పిన మాస్టార్లకు తెలిసిందే. అలాంటి చర్యే మన ఒంటి వేడికి, ఏళ్ల తరబడి, నెమ్మదిగా సాగుతుంది. రక్తంలో చక్కెర పెరిగితే జోరందుకుంటుంది.

హెచ్‌బీఏ1సీ పరీక్ష కొలిచేది హిమోగ్లోబిన్‌కు అలా అంటుకున్న చక్కెరనే. ఎర్ర రక్తకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. దానితోపాటు ఆ మచ్చా పోతుంది. కంటి కటకంలోని ప్రోటీన్లు, రక్తనాళాల గోడల్లోని కొల్లాజెన్ అంత త్వరగా మారవు. చక్కెర వాటి పోగులను ముడివేస్తుంది. కటకం మసకబారుతుంది, నాళాలు బిరుసెక్కుతాయి. మూత్రపిండాలు, నరాలు దెబ్బతినడంలోనూ దీని పాత్ర ఉంది.

కాబట్టి ఈ మూడు నెలల రిపోర్టు బాగుంటే పాత ముడులు విడిపోయినట్టు కాదు. బాధేమీ లేకపోయినా ఏడాదికోసారి రెటీనా, మూత్రంలో అల్బుమిన్, అరికాళ్ల స్పర్శ చూపించుకోండి. మన పిల్లలకూ చెప్పండి: షుగరును తొలి ఏళ్లలోనే అదుపు చేస్తే ఆ మేలు చాలాకాలం నిలుస్తుంది.