మూసుకుందన్న మాట

నల్లగౌన్లలో ఉక్కపోస్తున్నా నవ్వుతున్న కొత్త డాక్టర్లకు, వెనక వరసల్లో ఫోన్లు పైకెత్తి నిలబడ్డ అమ్మానాన్నలకు అభినందనలు.

స్నాతకోత్సవంలో ఫిస్టులా గురించి మాట్లాడతానంటే మా ఇంట్లోనే వద్దన్నారు, భోజనాల ముందు ఆ మాటలేమిటని. ఈ జబ్బున్నవాళ్ల ఇళ్లల్లోనూ అదే మాట. క్రోన్స్ వ్యాధి కొందరిలో పేగు గోడను తొలుచుకుంటూ వచ్చి మలద్వారం పక్కన చర్మం మీద తేలుతుంది. ఆ సొరంగమే ఫిస్టులా. చీము, రసి కారుతూనే ఉంటాయి. మనిషి పెళ్లికి వెళ్లడు, బస్సెక్కడు, ఎందుకో చెప్పడు.

నా దగ్గరికి వచ్చిన ఒక నేత కార్మికుడికి ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే మందు ఎక్కించాం. రెండో డోసుకే రసి ఆగింది. కేసు షీట్‌లో 'మూసుకుంది' అని రాసి, మురిసిపోయాను. మూడు వారాలకు వణుకుతో, జ్వరంతో వచ్చాడు. పైన మూత పడింది, లోపల సొరంగం అలాగే ఉంది, చీము బయటికి దారిలేక గడ్డకట్టింది. ఎంఆర్ఐ ముందే తీయించి ఉంటే తెలిసేది. తీయించలేదు.

ఆ మందు మీద 1999లో డేనియల్ ప్రెజెంట్ బృందం ప్రచురించిన పరీక్షను ఆ రాత్రి మళ్లీ చదివాను. 94 మంది రోగులు. కిలోకు 5 మిల్లీగ్రాముల మందు తీసుకున్నవారిలో 68 శాతానికి గుణం, ప్లాసిబోలో 26 శాతానికి. అంతకుముందు నేను చూసింది ఆ 68నే. గుణమంటే ఏమిటి? కారుతున్న రంధ్రాల్లో కనీసం సగం, వరసగా రెండు విజిట్లలో, వేలితో మెల్లగా నొక్కినా కారకపోవడం. అన్ని రంధ్రాలూ ఆగింది 55 శాతానికి, ప్లాసిబోలో 13. డోసు రెట్టింపు చేస్తే ఆ సంఖ్య 38కి దిగింది. ఆగినవాళ్లకూ ఆ సుఖం సుమారు మూడు నెలలు. మందు తీసుకున్నవారిలో 11 శాతానికి చీముగడ్డలు వచ్చాయని అదే వ్యాసంలో ఉంది. నా నేతన్న కథ అక్కడ అచ్చయ్యే ఉంది.

అదే మందు మీద 2004 నాటి పెద్ద పరీక్షలో, ఏడాది చివర 36 శాతానికి రసి లేదన్నారు, ప్లాసిబోలో 19. ఎవరిలో 36? మొదటి డోసులకే గుణం కనిపించిన 195 మందిలో. మొదలుపెట్టినవాళ్లు 306. లెక్క మీరే కట్టండి, నాలుగో వంతు కూడా రాదు. అయినా మందు మంచిదే, నేను ఇవాళా రాస్తాను. టీబీ లేదని తేల్చుకున్నాకే సుమా! మన దగ్గర పేగు టీబీ క్రోన్స్ వేషంలోనే వస్తుంది.

మెట్రోనిడజోల్ అనే యాంటీబయోటిక్ సంగతి అడగకండి. 1980లో 21 మంది మీద, ప్లాసిబో లేకుండా చూసిన ఫలితం అది. నలభై ఏళ్లు దాటినా చీటీ మీద చెయ్యి దానివైపే పోతుంది. నాదీ అంతే.

అన్నిటికన్నా నన్ను కుదిపింది డార్వాడ్‌స్ట్రోసెల్. కొవ్వులోంచి తీసిన మూలకణాలు, ఫిస్టులా చుట్టూ ఇంజెక్షన్. 212 మంది మీద చేసిన మొదటి పెద్ద పరీక్షలో 50 శాతానికి ఫలితం, ప్లాసిబోలో 34. ఇక్కడ ఎంఆర్ఐతో కూడా చూశారు. 2018లో యూరప్ అనుమతిచ్చింది. తర్వాత 568 మంది మీద మళ్లీ చూస్తే మందుతో 48.8 శాతం, ప్లాసిబోతో 46.3. తేడా లేదనే చెప్పాలి. 2024 చివర్లో కంపెనీ దాన్ని యూరప్ మార్కెట్‌ నుంచి వెనక్కి తీసుకుంది. ఇందులో మోసం లేదు, మొదటి పరీక్షా శ్రద్ధగా చేసిందే. రెండోసారి ప్లాసిబో వాళ్లు మొదటిసారి కన్నా ఎక్కువమంది బాగుపడ్డారు. శస్త్రచికిత్సలో సొరంగాన్ని శుభ్రంగా గీకి, లోపలి నోరు కుట్టేయడం రెండు వర్గాలకూ జరిగింది మరి.

ఆ నేత కార్మికుడు ఇప్పటికీ వస్తాడు. చీము నిలవకుండా సొరంగంలో సీటన్ దారం ఉంది, మగ్గం మీద కూర్చుంటున్నాడు. మూసుకుందా అని నేనడగను. 'నిన్న ఎన్ని గుడ్డలు మార్చావయ్యా?' అంటాను. పోయిన నెల వేలు ఒక్కటి చూపించాడు.