అలల శక్తి, దాని జమాఖర్చు



గత సంక్రాంతికి నేను మా గ్రామమునకు పోయినప్పుడు మా పెదతండ్రిగారు నన్నొక ప్రశ్న యడిగిరి. ఒక వర్తకుడు వచ్చి, నూనె గాని ఎండ గాని అక్కరలేక తనంతట తానే విద్యుత్తును పుట్టించు యంత్రమును అమ్మజూపెనట. వారు బయానా కూడ నిచ్చి యుండిరి. “శక్తి పుట్టదు, నశింపదు అని మా బడిలో చెప్పిరి. కాని కొన్ని ద్రవ్యములలో అల శక్తి పెరుగునని నీవే ఆ మధ్య చెప్పితివి గదా!” అని వారనిరి. నేను చెప్పినది నిజమే. కాని సగమే చెప్పితిని. తక్కిన సగము నేడు మీ యెదుట చెప్పుచున్నాను.

వెలుగు గాలినుండి నీటిలో ప్రవేశించునప్పుడు కొంత లోనికి పోవును, కొంత వెనుకకు మరలును. లోనికి పోయినదానికి వేగము తగ్గును, అలపొడవు తగ్గును. సెకనునకు ఎన్ని కంపనములను లెక్క మాత్రము మారదు. పోయినదియు మరలినదియు కూడినచో మొదటి శక్తి సరిగా వచ్చును. ఇచట ద్రవ్యము చోటును బట్టి మారినది.

కాలమును బట్టి మారినచో నేమగును? తంబుర తంతిని మీటి, నాదము ఆగకమునుపే బిరడ త్రిప్పి చూడుడు. (తంతి తెగినచో నన్ను నిందింపకుడు.) తంతి పొడవు మారలేదు గనుక అలపొడవును మారదు; శ్రుతి మాత్రము హెచ్చును. మెల్లగా బిగించినచో, గాలిలోనికి పోవు నాదమును విడిచి చూచిన, శ్రుతి యెంత వంతు హెచ్చునో కంపనశక్తియు నంత వంతు హెచ్చును. ఆ హెచ్చు ఎక్కడిది? బిగువుకు ఎదురుగా బిరడను త్రిప్పిన చేతిది.

ఈ మార్పు మెల్లగా గాక ఒక్క క్షణమున జరిగినచో మరియొక వింత గలదు. నడుమ ఏ గోడయు లేకయే అలలో కొంత వెనుకకు మరలును. ఇట్టి మార్పుల గణితమును 1958లో అమెరికాలో మోర్గెన్‌థేలర్ అను నతడు ప్రకటించెను. వెలుగు వేగమును సగము చేయు ద్రవ్యమొకటి, నష్టమేమియు లేనిది, హఠాత్తుగా శూన్యమువంటి దైనదనుకొందము. అందలి అల శక్తి 100 పాళ్లైనచో, మార్పు పిదప ముందుకు 225, వెనుకకు 25, వెరసి 250 పాళ్లగును. శూన్యమే అట్టి ద్రవ్యముగా మారినచో 100 పాళ్లు 62½కు దిగును. మొదటిదాని చిట్టాలో 150 జమ కనబడుచున్నది. ఖర్చు ఎవరి పేర వ్రాయవలెను? ద్రవ్యమును మార్చినవాని పేర. విద్యుత్తు నింపిన రెండు పలకలు ఒకదానినొకటి లాగుకొనుచుండగా వానిని ఎడము చేయు చేయి శ్రమపడును గదా; అట్టిదే యిదియు.

నేటి నియమమే రేపటి నియమము గనుక శక్తి నిలుచుచున్నదని 1918లో జర్మనీలో ఎమ్మీ నోయెదర్ అను గణిత విదుషి నిరూపించెను. ద్రవ్యము గడియకొక తీరుగ మారినచో అల యొక్క సొంత ఖాతా కుదురదు. మార్చువాని ఖాతాను గూడ కలిపిన కుదురును.

2016లో పారిస్ శాస్త్రజ్ఞులు నీటిపాత్రను ఒక్క కుదుపు కుదిపిరి. నీటిపై వ్యాపించుచున్న అలలలో కొంత భాగము మరలి పుట్టినచోటికే వచ్చి చేరెను. విద్యుదలల విషయమున పని కష్టము; ఒక్క కంపనము ముగియులోపలనే అంతటను మార్పు జరుగవలెను. అందులకై, అలపొడవుకంటె చిన్నవగు భాగములను కూర్చి, అలకు ఒకే పదార్థముగ తోచునట్లు చేసిన మెటామెటీరియల్ అను కృత్రిమ ద్రవ్యములను వాడుదురు. 2023లో న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయమువారు సుమారు 6 మీటర్ల లోహపు పట్టీకి వరుసగా స్విచ్చులను, కెపాసిటర్లను అమర్చి, అన్నిటిని ఒక్కసారి మీటిరి. సంకేతములో కొంత తుది ముందుగా మరలి వచ్చెను. కుదుపునకైనను, స్విచ్చులకైనను వెలుపలినుండి శక్తి పెట్టవలసినదే.

ఇదంతయు విని మా పెదతండ్రిగారు చాలసేపు పలుకలేదు. మరునాడు వర్తకునియొద్దకు పోయి, “నీ యంత్రములో బిరడ త్రిప్పు చేయి యెక్కడ?” అని యడిగిరి. పెట్టెకు సీలు వేసియున్నది, తెరువరాదని యతడు చెప్పెను. బేరము అంతటితో నిలిచెను. బయానా మాత్రము తిరిగి రాలేదు.